పచ్చిదా, ఉడికిందా?

ఆయన పోయిన సంగతి నాకు కాశీబుగ్గ మార్కెట్లో తెలిసింది. ఆకుకూరలమ్మే ఆవిడ గోంగూర మీద నీళ్ళు చిలకరిస్తూ, తల ఎత్తకుండానే, "మీ తోటకూర మావ పోనాడమ్మా" అంది.

"ఎప్పుడు?"

"మొన్న. పొద్దున్నే వలల కాడ కూకున్నాడంట. కోడలు టీ అట్టుకెల్లి పిలిత్తే పలకనేదంట. అంతే."

పక్కన ఉల్లిపాయలమ్మే ఆయన మంచి చావే అన్నాడు. ఆవిడ ఔనంది. నేను తోటకూర తీసుకుని ఇంటికి వచ్చేశాను. మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతుకుతుంటే తట్టింది, ఆయన పేరేమిటో నాకు తెలియదని. కొన్నేళ్ళ పరిచయం. ఒకే వరండాలో, ఒకే బెంచీ మీద, వారానికి రెండు పూటలు కూర్చున్నవాళ్ళం. నర్సులు మావా అనేవారు, ఆటోవాళ్ళు మావా అనేవారు, నేనూ మావా అనేదాన్ని. ఆయన భార్య "ఏటయ్యా" అనేది. భార్య పేరయితే లోపల నర్సులు పిలుస్తారు కాబట్టి అందరికీ తెలిసేది. ఆయన్ని పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

అది పలాస ఆసుపత్రిలో డయాలసిస్ వార్డు వరండా. మా అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు ఎలాగని అడగరు, ఎప్పట్నుంచని అడుగుతారు. లోపల రోగులు మిషన్లకి అతుక్కుని గంటల తరబడి పడుకుంటారు. బయట వాళ్ళని తీసుకొచ్చినవాళ్ళం కూర్చుంటాం. మొగుళ్ళ కోసం వచ్చిన భార్యలు, కొడుకుల కోసం వచ్చిన తల్లులు, నాలాంటి చెల్లెళ్ళు. మా పూటలో భార్యని తీసుకొచ్చే మగవాడు ఆయనొక్కడే. అందులోనూ ఇంట్లో గరిటె పట్టే మగవాడు.

పెద్ద మనిషి. గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వచ్చేవాడు, ఆ గుమ్మం ఆయనకి తగిలేంత పొట్టిది కాకపోయినా. ఊరు అక్కుపల్లి అవతల సముద్రం ఒడ్డున. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ వేటకి వెళ్ళాడు. భార్యకి జబ్బు చేశాక పడవ తమ్ముడికి అప్పగించి ఒడ్డునే ఉండిపోయాడు. కొడుకు గుజరాత్ బోట్ల మీద పనికి పోతే నెలల తరబడి రాడు. కోడలు అప్పట్లో తెల్లారకుండానే జీడి ఫ్యాక్టరీకి వెళ్ళేది. వంట ఆయన చేతికి వచ్చింది.

తాళ్ళు లాగిలాగి ఆ వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు, పూర్తిగా తెరుచుకునేవీ కావు. ఆ చేతులతోనే వరండాలో కూర్చుని తోటకూర ఒలిచేవాడు. తువ్వాలు పరిచి కట్ట విప్పి, కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు వేసేవాడు. ఆకులన్నీ గుత్తిగా పట్టుకుని గట్టిగా విదిలించేవాడు, వలలోంచి నాచు విదిలించినట్టు. ఆ తుంపరలు మా మీద పడేవి. ఎవరైనా కసురుకుంటే, "నీల్లే గదమ్మా! ఇయి కూడా తూకంలోకొచ్చెత్తాయి" అనేవాడు. విదిలించిన ఆకుని అరిటాకులో చుట్టి సంచిలో పెట్టుకునేవాడు. ఎండలో ఇంటికెళ్ళేసరికి వాడిపోతుందని బెంగ. వాడిన ఆకు కొలిచే గ్లాసులో ఎక్కువ పడుతుంది, అది ఆయన రెండో బెంగ.

ఇంత పట్టింపు మొదట్లో లేదు. అది ఎలా వచ్చిందో నేను చూశాను.

ఆయన భార్య చిన్న మనిషి, గొంతు పెద్దది. సముద్రం ఒడ్డున పుట్టి కూడా, చేపల పులుసూ తోటకూర పులుసూ ఒకేసారి ముందుంచితే చెయ్యి తోటకూర వైపే పోయేదట. జబ్బు వచ్చాక ఉప్పు చేప వద్దన్నారు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే, కొబ్బరినీళ్ళు వద్దన్నారు. అరటిపండు వద్దన్నారు. తాగే నీళ్ళకి కూడా కొలత పెట్టారు. అవన్నీ ఆవిడ ఒప్పుకుంది. ఆకుకూర దగ్గర మాత్రం బేరానికి దిగింది. ఆకులో ఉండే పొటాషియం ఒంట్లోంచి బయటికి పోయే దారి లేక రక్తంలో పేరుకుంటుంది, గుండె తడబడుతుంది అని డాక్టరు చెబితే, "నా గుండె ఆకుకి బెదిరే గుండె కాదులెండి" అందట.

తిండి సంగతులు చెప్పడానికి టెక్కలి నుంచి ఒకమ్మాయి వారానికోసారి వచ్చేది. నెమ్మదస్తురాలు. మావ భార్య పోరు పడలేక చివరికి ఒక దారి చెప్పింది. వారానికి ఒక్కసారి, ఒక కప్పు తోటకూర, బోలెడు నీళ్ళలో ఉడికించి, పొటాషియం కొంత దిగిన ఆ నీళ్ళు వంచేసి పెట్టమంది. ఆ సమయంలో వరండాలోకి ఎవర్నో స్ట్రెచర్ మీద తెస్తున్నారు, అంతా లేచి జరుగుతున్నారు. ఆయన చెవిలో పడింది కప్పు, ఉడికించడం, వంచెయ్యడం. తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి పూట భార్యని రెండు చేతుల మీద మోసుకుంటూ వచ్చాడు. ఆవిడ కాళ్ళు గుడ్డపీలికల్లా వేలాడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మాట రావడం లేదు. డాక్టరు గుండె పరీక్ష కాగితం చూసి గబగబా ఏదో ఇంజక్షన్ చేయించి, వరసలో ఉన్నవాళ్ళని ఆపి ఆవిడని ముందు మిషనుకి పెట్టించాడు. వరసలో ఉన్నది మా అక్కే. అక్క కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.

డాక్టరు బయటికొచ్చి ఏం పెట్టావని అడిగాడు. ఆయనకి ఇంకా అర్థం కాలేదు.

"కప్పు ఆకుకూరే బావూ. ఆ డైటమ్మ సెప్పినట్టే. గెలాసు నిండా, నొక్కి, సరిగ్గా కప్పే ఎట్టినాను."

టెక్కలి అమ్మాయి ఆరోజు అక్కడే ఉంది. ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది.

"పచ్చిది కప్పా మావా, ఉడికింది కప్పా?"

"పచ్చి తోటకూర ఎవులు తింతారమ్మా?"

ఆ అమ్మాయి ఫోను తీసి ఒక బొమ్మ చూపించింది. వెడల్పు గిన్నె నిండా పచ్చి ఆకులు, పైన నిమ్మరసం, ఏవో గింజలు. "ఇలా పచ్చిగా తినేవాళ్ళున్నారు మావా. వాళ్ళకి కప్పంటే ఇదీ, వదులుగా నింపిన ఆకు. నేను చెప్పిందీ అదే. పచ్చి ఆకు, నొక్కకుండా ఒక కప్పు. తూకానికి ముప్పై గ్రాములు కూడా ఉండదు."

ఆయన బొమ్మని చాలాసేపు చూశాడు. "మరి ఉడికితే?"

"ఉడికితే గుప్పెడు కూడా కాదు."

"నాను కట్టలు కట్టలు ఏసినాను. డేకిసా నిండా ఏసినాను. ఉడికీసరికి గెలాసుడయింది. సంబరపడినాను, సరిగ్గా కొలతకొచ్చిందని."

"ఐదారు సార్లకి సరిపోయేది ఒక్కసారే పెట్టేశారు మావా. నీళ్ళు వంచారా?"

"వంచినాను. కొంచం ఉంచినాను, రుచికి."

ఆ అమ్మాయి తిట్టలేదు. ఆయన తన కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. కాసేపయ్యాక నాతో, "అది అడిగింది, నాను ఎట్టినాను" అన్నాడు. అంతే అన్నాడు.

మధ్యాహ్నానికి ఆవిడకి మాట వచ్చింది. చూడ్డానికి లోపలికి వెళ్ళిన నాతో అన్న మొదటి మాట: "ఎంత బాగుండిందనుకున్నావు ఆ కూర!"

తర్వాతి వారం ఆ అమ్మాయి తన ఇంట్లోని చిన్న కాటా తెచ్చింది, వంటింట్లో పెట్టుకునే పలకలాంటి ఎలక్ట్రానిక్ కాటా. వరండా బెంచీ మీదే పాఠం. పచ్చి ఆకు తూచింది, గ్లాసులో వదులుగా నింపి చూపించింది, అదే ఆకు నొక్కి నింపి చూపించింది. ఎప్పుడూ పచ్చిదే తూచండి మావా, ఉడికింది కొలవకండి అని పదేపదే చెప్పింది. ఆయన కొడుక్కి ఫోను చేసి అలాంటిదే ఒకటి తెప్పించుకున్నాడు. దాని పేరు బుడ్డి మిసను. పాత లుంగీ ముక్కలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎక్కడికెళ్ళినా వెంట తెచ్చేవాడు. ఊరికే కూర్చోలేక వరండాలో దొరికినవన్నీ తూచేవాడు. నా దారపు ఉండ, వాచ్‌మన్ అగ్గిపెట్టె, ఎవరిదో కళ్ళజోడు. అంకె చూసి, "అబ్బో" అనేవాడు, అది ఎంతయినా.

మా అక్క ఆయన్ని చూసి నవ్వేది. నవ్వుతూనే నాతో, "మనం కూడా ఒకటి కొందామే" అంది. కొన్నాం.

ఒక తుఫాను వారంలో ఆ కాటాకి బ్యాటరీ అయిపోయింది. ఊళ్ళో కొట్లు మూసేశారు, రోడ్డు మీద చెట్లు పడి పలాస రావడానికి లేదు. భార్యకి ఆకు పెట్టే రోజు. ఆయన పెట్టలేదు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. దాంతో, కాటా లేకపోయినా పనయ్యేలా గ్లాసు లెక్క నేర్చుకోవాలని పట్టుబట్టాడు. ఇంట్లో ఒక స్టీలు గ్లాసు పక్కన పెట్టాడు, దాంతో ఇంకెవరూ నీళ్ళు తాగడానికి లేదు. ఒక్కో ఆకూ తూచి, గ్లాసులో వదులుగా పోసి, ఎక్కడికొస్తే అక్కడ మేకుతో గీత గీసేవాడు. మళ్ళీ ఉడికించి, నీళ్ళు వంచి, పిండి, అదే గ్లాసులో వేసి చూసేవాడు. ఫలితాలు మాకు వరండాలో చెప్పేవాడు.

"పాలకూర పిరికిది. సెగ తగిల్తే సాలు, అడుక్కెల్లి కూకుంటాది."

"తోటకూర కాస్త నయం. కాడుంటే నిలబడతాది."

"మునగాకు మొండిదమ్మా. ఎంత ఉడికినా అలాగే ఉంటాది. సిన్న ఆకు గదా, గెలాసులో బిగిసిపోతాది. అదే గెలాసు, తూకం సూత్తే ఎక్కువ."

"గోంగూర?" అని ఎవరో అడిగితే ముఖం ముడుచుకునేవాడు. "దాని సంగతి నన్నడక్కండి. అది జావయిపోతాది. కొలత నేదు, పాడూ నేదు."

ఇదంతా విని మిగతా ఆడవాళ్ళు తమ ఇంటి రోగికి ఎంత పెట్టాలో ఆయన్నే అడగడం మొదలుపెట్టారు. దానికి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. వినయం కాదది, భయం. రెండు చేతులూ అడ్డంగా ఊపి, "మీ వోల్ల రగతం మీ వోల్లది. ఆ డైటమ్మనడగండి. నా లెక్క నా ఇంటిది" అనేవాడు. ఒకామె మరీ బతిమాలితే బెంచీ మీంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు. నిజానికి ఆయన లెక్కలు చాలాసార్లు తప్పేవి. టెక్కలి అమ్మాయి వచ్చినప్పుడు గ్లాసు ముందు పెట్టి గీతలు చూపించేవాడు. ఆ అమ్మాయి సరిచేసేది. పాత గీత మీద అడ్డంగా ఇంకో గీత గీసి కొత్తది పెట్టుకునేవాడు. కొన్నాళ్ళకి ఆ గ్లాసు మీద ఏ గీత ఏదో నాకు తెలిసేది కాదు. ఆయనకి తెలిసేదా అన్నది అనుమానమే.

ఒక ఆదివారం ఆవిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. అక్క ఒంట్లో బాగున్న రోజు. ఆటో కట్టించుకుని వెళ్ళాం. జీడితోటలు దాటాక ఇసుక మొదలవుతుంది, ఆ ఇసుకలోనే ఇల్లు. ఆవిడ గడప మీద కూర్చుని ఉంది. ఆయన లోపల పొయ్యి దగ్గర. ఆవిడ తల తిప్పకుండానే పనులు పురమాయిస్తోంది.

"మూత తీసీ! రంగు పోతాది."

"తీసినాను."

"తీసినానంటే తీసినట్టేనా? పొగ రానేదు."

ఆయన నవ్వుతూ ఉడికిన ఆకుని జల్లెడ గిన్నెలోకి వంచి, కింద ఇంకో గిన్నెలో నీళ్ళు పట్టి, అరిటాకులు కోయడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఆయన వీపు మలుపు తిరగగానే ఆవిడ లేచింది. అంత చురుగ్గా లేవగలదని నాకు తెలియదు. ఆ ఆకుపచ్చటి నీళ్ళు గ్లాసులోకి వంచుకుంది. చూరులోంచి చిన్న పొట్లం తీసి ఉప్పు కలిపింది, నిమ్మచెక్క పిండింది, గడగడా తాగేసింది. మిగిలినవి ఇంకో గ్లాసులో పోసి మా అక్క చేతికిచ్చింది.

"తాగమ్మా. నీకూ నోరు సచ్చిపోయింటాది గదా."

అక్క నా వైపు చూడలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, ఇద్దరికే తెలిసినది ఏదో ఉన్నట్టు. నేను వద్దని అనబోయి ఆగిపోయాను. అక్క నోటికి రుచిగా ఏదైనా తిని ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు.

ఆయన అరిటాకులతో వచ్చాడు. ఖాళీ గిన్నె చూశాడు.

"ఆ నీల్లేవి?"

"పారబోసినాను" అంది ఆవిడ.

ఆయన గుమ్మం బయట ఇసుక చూశాడు. పొడి ఇసుక. ఎక్కడా తడి లేదు. తర్వాత మా అక్క చేతిలోని గ్లాసు చూశాడు. దగ్గరికొచ్చి దాన్ని మెల్లగా తీసుకున్నాడు, నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టు. బయటికెళ్ళి ఇసుకలో వంచేశాడు.

"ఎన్నాల్నుంచి?"

"ఒంపినప్పుడల్లా" అంది ఆవిడ. దాచలేదు. "ఏటి సెయ్యమంటావు? రుచంతా ఇసకలో పోసీసి, పిప్పి నాకెడతన్నావు. నువ్వు సుట్టాలింటికెల్తే పులుసూ, సేపా తిని రావా? ఒకపాలి ఇది నువ్వు తిని సూడు. ఉప్పు నేకండా. ఒక్కపాలి."

నేనూ అక్కా తలలు వంచుకుని కూర్చున్నాం. ఆయన అరిటాకులు పరిచాడు. నాకు చేప వేశాడు, పప్పు వేశాడు. అక్కకి పెట్టాల్సినది నన్ను అడిగి పెట్టాడు. భార్యకి అన్నం, ఆ పిండిన తోటకూర ముద్ద సగం. తర్వాత తన ఆకులో అంతే అన్నం, మిగిలిన సగం ముద్ద. చేప గిన్నె మూత పెట్టేశాడు.

"ఇదేటి?" అంది ఆవిడ.

"సూడమన్నావు గదా."

"ఒక్కపాలన్నాను."

"ఈయాల్నుంచి ఇదే తింతాను. నువ్వెంతో నానంత."

"నీకేటి రోగం? పెద్ద ఒల్లు, సాలదు నీకు. ఏటయ్యా, ఇలా సూడు..."

ఆయన ఆ ఉప్పులేని ముద్ద అన్నంలో కలుపుకుని తిన్నాడు. మొదటి ముద్దకి ముఖం ఎలా పెట్టాడో నేను చూశాను. ఆవిడా చూసింది. నవ్వలేదు. తన ఆకు ముందుకి లాక్కుని ఆవిడా తినడం మొదలుపెట్టింది.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా మజ్జిగ తాగి వచ్చేసేవాడట. ఏడాది తిరిగేసరికి చొక్కా భుజాల దగ్గర జారడం మొదలైంది. నేనే పట్టుకుని రెండు చొక్కాలు బిగించి కుట్టిచ్చాను. ఆయనకీ జబ్బొచ్చిందని ఊళ్ళో అనుకున్నారు. పరీక్ష చేయించుకోమన్నారు. ఆయన పట్టించుకోలేదు. ఆవిడ ఆ నీళ్ళు మళ్ళీ తాగిందో లేదో నాకు తెలియదు. రక్త పరీక్షలు మాత్రం మెరుగయ్యాయని టెక్కలి అమ్మాయి చెప్పింది. ఆవిడ గొంతు కూడా పెరిగింది. వార్డంతా వినపడేలా ఆయన వంటని తిట్టేది.

"ఇది కూరంట! మేక సూత్తే ఏడుత్తాది."

ఆయన బయట బెంచీ మీద అది విని తల ఊపేవాడు, మెచ్చుకోలు విన్నట్టు.

ఆవిడ పోయింది ఆకుకూర వల్ల కాదు. ఒక వర్షాకాలం జ్వరమొచ్చింది. చేతి దగ్గర సూది గుచ్చే చోటునుంచి చీము రక్తంలోకి పాకిందన్నారు. విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కడే పోయింది. మాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ఆవిడ మంచం మీదికి ఆ వారమే సోంపేట వైపునుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వరసలో ఎదురుచూస్తున్నవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

కర్మకాండలు అయ్యాక ఆయన ఒకసారి వరండాకి వచ్చాడు. బుడ్డి మిసను లుంగీ ముక్కతో సహా టెక్కలి అమ్మాయి చేతిలో పెట్టి, కొత్తగా వచ్చినవాళ్ళకి చూపించడానికి పనికొస్తుందన్నాడు. మాతో కాసేపు కూర్చున్నాడు. చేతులకి పని లేక రెండుసార్లు తువ్వాలు విప్పి మడత పెట్టాడు. సోంపేట కుర్రాడి తల్లి అప్పుడే ఆ అమ్మాయిని ఏదో అడుగుతోంది. కప్పు అన్న మాట వినపడగానే ఆయన ఆ తల్లి వైపు తిరిగి, "పచ్చిదా, ఉడికిందా అడగమ్మా. ముందు అదడుగు" అన్నాడు. ఆవిడ బెదిరి చూసింది. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత చాలాకాలం కనపడలేదు. వేటకి వెళుతున్నాడని ఒకరు, లేదు వలలు బాగుచేస్తున్నాడని ఒకరు అన్నారు. మార్కెట్‌లో ఆకుకూరలావిడ దగ్గరికి మాత్రం అప్పుడప్పుడు వచ్చి, ఏమీ కొనకుండా, కబుర్లు చెప్పి పోతాడని తెలిసింది.

మళ్ళీ నేను చూసింది పోయిన వేసవిలో. కంటి పరీక్షకని పలాస వచ్చి, అడుగుతూ అడుగుతూ నా కుట్టు షాపుకి వచ్చాడు. మధ్యాహ్నం భోజనం వేళ. షాపు వెనకే ఇల్లు. భోంచేసి వెళ్ళమంటే వద్దనలేదు. అక్క మంచం మీంచి లేచి వచ్చి కూర్చుంది. ఆయన్ని చూసి దాని ముఖం వికసించింది. ఇద్దరూ వార్డు సంగతులు మాట్లాడుకున్నారు, ఎవరున్నారు, ఎవరు పోయారు అని. ఆ లెక్క చెప్పుకుంటూ ఇద్దరూ ఒకచోట ఆగి, మాట మార్చేశారు.

ఆరోజు తోటకూరే. అక్కది వేరుగా తూచి, ఉడికించి, వంచి, పిండి పెట్టాను. మాకు చింతపండూ, వెల్లుల్లిపాయలూ వేసి పులుసు కాచాను. ఆయన కంచంలో అన్నం పెట్టి పులుసు వేస్తూ, "చాలు అంటే ఆపుతాను మావా" అన్నాను.

ఒక గరిటె వేశాను. ఆయన కంచం చూస్తున్నాడు. ఇంకోటి వేశాను. మూడోది వేసి ఆగి ముఖం చూశాను. నా మాట కోసం కాదు, ఇంకో గరిటె కోసం ఎదురుచూస్తున్నాడు. అన్నం కనపడకుండా పులుసు కమ్ముకునేదాకా వేశాను. కంచం అంచు దాకా వచ్చింది. అప్పుడు కూడా చాలనలేదు, నేనే ఆపి అక్క పక్కన కూర్చున్నాను.

కలుపుకోవడానికి చెయ్యి పెట్టబోయి ఆగాడు. అక్క కంచం వైపు చూశాడు. అందులో ఒక పక్కన నేను పెట్టిన చిన్న ముద్ద ఉంది. అక్క ఇంకా చెయ్యి పెట్టలేదు.

"ఇదెంతమ్మా?"

"తూచే పెట్టాను మావా" అన్నాను.

ఆయన వినలేదు. కొంచెం ముందుకి వంగి, ఒక కన్ను మూసి, ఆ ముద్దని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. ఆయన కంటికి అప్పటికే పొర కమ్మింది.

"ఎక్కువయిపోనాది. ఇంత ఎట్టకూడదు దీనికి."

ఎక్కువ కాలేదు. పచ్చిదే తూచాను, ఆ అమ్మాయి చెప్పినంతే, గ్రాము అటూ ఇటూ లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అక్క బల్ల కింద నా మోకాలు నొక్కింది.

ఆయన చెంచా తీసుకుని ఆ ముద్దలో చిన్న ముక్క, వేలి చివరంత, తీసి తన కంచంలో వేసుకున్నాడు. మిగిలింది మళ్ళీ చూశాడు. తృప్తిగా లేదు. చెంచా గాల్లోనే ఉంది.

అక్క తన కంచాన్ని ఆయన వైపు ఇంకొంచెం జరిపింది.